గుండీల దీవి

గురువారం దీవికి నేను మంగళవారం చేరాను.
బుధవారం అదిగో, శుక్రవారం ఇదిగో అని
పడవలోంచి చెయ్యి చాపి చూపించాడు సరంగు.
ఎవరో తెల్ల కెప్టెన్, పేర్లు తోచక
క్యాలెండరు చింపి సముద్రంలో విసిరినట్టుంది.
మా వైపు దీన్ని లక్ష్మివారం అంటాం,
మా ఆవిడ వాళ్లు బేస్తవారం.
ఇక్కడి మనుషులకి ఇది మొదట్నించీ వైబెన్.

ఆసుపత్రి ఎక్స్‌రే మిషనుకి రావాల్సిన బోర్డు
కెయిర్న్స్‌లో ఆగిపోయింది.
ఒక పూట ఖాళీ.
చూడ్డానికేమున్నాయని అడిగితే
టాక్సీ నడిపే ఎట్టీ పెద్దమ్మ
ముందు నా బూట్లు చూసి నవ్వింది, తర్వాత తలుపు తీసింది.

కొండ మీద కోట.
రష్యా ఓడలొస్తాయని
నూట ముప్ఫయ్యేళ్ల కిందట మోసుకొచ్చిన ఫిరంగులు.
రష్యా రాలేదు.
ఫిరంగి మెడ మీద ఇద్దరు బడిపిల్లలు
ఒకే చిప్స్ పొట్లానికి కాపలా కాస్తున్నారు.

చర్చి. మునిగిన ఓడ పేర కట్టారట.
పగడం పట్టిన ఓడ కిటికీ ఒకటి లోపల దాచారు.
వంగి చూశాను.
అవతల గోడ తప్ప ఏమీ లేదు.
అయినా ఇంకోసారి చూశాను.

శ్మశానం చూపించాలా వద్దా అని
గేటు దగ్గర ఇంజను ఆపకుండా ఆలోచించింది.

ఎండలో వరసలు వరసలుగా జపాను రాళ్లు.
ఆ అక్షరాలు ఆమెకీ రావు, నాకూ రావు.
ఇద్దరం చదివినట్టే నడిచాం.
ఇత్తడి టోపీ బిగించుకుని అడుక్కి దిగినవాళ్లు,
పైకొచ్చేసరికి కీళ్లు మెలితిరిగినవాళ్లు,
పంతొమ్మిదేళ్లు, ఇరవై రెండేళ్లు.

"ముత్యాల కోసమా?" అన్నాను.
"ముత్యం ఎప్పుడో ఒకటి, బాబూ.
చిప్ప కోసం. చొక్కా గుండీల కోసం."

పిఠాపురం రైల్వే గేటు పక్కన
మా మేనమామ సూర్రావు కుట్టుమిషను.
సొరుగులో బిస్కెట్ల డబ్బా,
ఎవరెవరి పాత కోట్లకో కోసి దాచిన గుండీలు.
ఒక్కొక్కటి నా చెంపకి ఆనించి అడిగేవాడు:
చల్లగుందా? అయితే చిప్ప.
లేదా? ప్లాస్టిక్కు, పారెయ్.
చల్లదనం ఎక్కడిదని నేనడగలేదు.
ఎంత లోతుదో ఆయనకీ తెలీదు.

ఇరవయ్యేళ్లుగా ఛాతీ బొమ్మలు తీసే మిషన్లు బాగుచేస్తున్నాను.
మొట్టమొదట చెప్పే మాట, చొక్కా విప్పండి.
లేకపోతే ఎముకల మధ్య
గుండీ నీడ గుండ్రంగా పడుతుంది,
డాక్టరు జబ్బనుకుంటాడు.
ఈ రాళ్ల మధ్య నిలబడ్డాక
ఆ నీడ పొరపాటని ఎవరితోనూ
అంత ధైర్యంగా అనలేను.

చివరి వరసలో ఒక రాయి
పూల గుడ్డ చుట్టుకుని, రిబ్బను కట్టుకుని
పెళ్లివారింటి కానుకలా నిలబడింది.
"మా తమ్ముడు. పోయి పద్నాలుగు నెలలు.
శనివారం ముసుగు తీస్తాం.
తాబేలు మాంసం, డోలు, ఆట. తెల్లార్లూ.
ఏడవడం అయిపోయింది, ఇంక తినాలి."
గుడ్డ కుట్టు కొసన ఊడితే
వేలితో లోపలికి నొక్కింది.
చక్కటి కుట్టు. మామయ్య మెచ్చుకునేవాడు.
శనివారానికి నేనుండను అంటే
ఆమె ఏమీ అనలేదు.

రేవులో వొంగై పండు చేతిలో పెట్టింది.
నల్లగా, ముడతలుగా, ఖర్జూరానికి దూరపు చుట్టం.
తిన్నవాడు తిరిగొస్తాడని ఇక్కడి మాట.
పళ్లు, గింజలు దీవి దాటించరాదని
పక్కనే సర్కారు బోర్డు.
తినాలి, లేదా పారెయ్యాలి.
జేబులో దాచుకునే వీలు లేదు.

తిన్నాను. పెద్ద తీపేం కాదు.
గింజ మాత్రం నాలిక మీద చాలాసేపు ఉంచుకున్నాను.

పడవ కదిలాక
ఎవరూ చూడకుండా తల వంచి
పై గుండీ చెంపకి ఆనించుకోబోయాను.
అందలేదు.